గోడ ఆరేలోపల

హిందూపురం బండి పెనుకొండ వదిలి ఉంటుంది. వదిలిందో లేదో ధర్మవరంలో తన పడసాల నడుమ చతికిలబడిన పుల్లమ్మకు తెలిసే దారి లేదు గానీ, ఎండ గడప దాటి లోపలికి రెండు జానలు పాకితే బండి పెనుకొండ వదిలినట్టేనని ఆమె నమ్మకం. ఇంకో గంట. ఆ గంటలో గోడ ఆరాలి. ఆరిన గోడ పచ్చగా ఉండాలి. పచ్చ అంటే ఏదో ఒక పచ్చ కాదు, చెల్లెలు రత్నమ్మ హిందూపురంలో తన ఇంటికి వేయించుకున్న పచ్చ కంటే ఒక పిసరు ముదురుగా, ఒక పిసరు నిండుగా ఉండాలి. ఆ బండి దిగి వచ్చిన రత్నమ్మ గడప లోపలికి కాలు పెట్టి, తల ఎత్తి, నోరు తెరిచి, తెరిచిన నోరు మూసుకోవడం మరిచిపోవాలి. పుల్లమ్మ దేవుణ్ణి ఈ ఏడాది ఇంకేమీ అడగలేదు. వానలు కూడా అడగలేదు.

సున్నం నీళ్ళు తిన్న అరచేతులు చుర్రుమంటున్నాయి. వేళ్ళ సందుల్లో తోలు లేచింది. లేస్తే లేచింది, పోనీ. కోడి కూయకముందే మొదలుపెట్టి తూర్పు గోడ, ఉత్తరపు గోడ, వాకిలి వైపు గోడ, మూడూ తనే కొట్టింది. మొగుడు సంజీవప్ప కుంచె పడతానంటే పట్టనీయలేదు. మగ్గం మీది చేతికి కుంచె తిరగదని సాకు చెప్పింది గానీ అసలు సంగతి అది కాదు, కుండలో ఏం కలిపిందో అతను చూడకూడదు. ఇప్పుడతను జట్కా మాట్లాడుకుని స్టేషనుకు పోయాడు, ఉతికిన చొక్కా తొడుక్కుని. ఉతికిన చొక్కా! సంతకు తన వెంట వచ్చేటప్పుడు ఏ చొక్కా వేసుకుంటాడో వీధికంతా తెలుసు. మరదలు వస్తుందంటే మాత్రం మంచి చొక్కా దండెం మీంచి దానంతటదే దిగివస్తుంది. ఆయన్ను అని ఏం లాభంలే, రత్నమ్మ వస్తుందంటే అందరూ అంతే, పుట్టినప్పటినుంచీ అంతే. దాని ఉయ్యాల తాడు లాగుతూ తను కునికితే అమ్మ నెత్తిన మొట్టేది, అది మాత్రం ఉయ్యాల్లో నవ్వేది. ఆ నవ్వుకు ఇంటిల్లిపాదీ పరిగెత్తుకు వచ్చేవాళ్ళు. మొట్టికాయ తిన్న తలను ఎవరైనా తడిమారా? ఊహూ.

హాలు అంటారు రత్నమ్మ వాళ్ళు. పడసాల అంటే నామోషీ కాబోలు. దాని మొగుడు హనుమంతు నేత వదిలేసి హిందూపురంలో బట్టల అంగడి పెట్టాక మాటలు కూడా కొత్తవి కొనుక్కొచ్చారు. మొన్న వైశాఖంలో కొత్త ఇంట్లో పాలు పొంగించిన రోజు, "హాల్లో కూర్చోక్కా" అంది రత్నమ్మ. ఆ గోడలు! సున్నం కాదు, నూనె రంగు. చెయ్యి పెడితే జారిపోతుంది. రొమ్ము ఎత్తు దాకా చిలకపచ్చ, ఆ పైన తెలుపు, రెండింటి నడుమ వేలెడు వెడల్పున ఎర్ర గీత. ఎదురు గోడకు నిలువుటద్దం, దాని పక్కన పూసలతో కుట్టిన చిలకల జంటకు గాజు పటం, వాకిలికి గాజు గొట్టాల తెర, మనిషి దాటితే గలగలమంటుంది, ఎవరో పెద్దింటి కోడలు నడిచినట్టు. పేము కుర్చీలు రెండు. పుల్లమ్మ కుర్చీలో కూర్చోలేదు, కుర్చీలో కూర్చుంటే కాళ్ళను ఏం చేసుకోవాలో ఆమెకు తెలియదు. చాప మీద కూర్చుంది. ఊరికి పోతున్నానని తలకు దట్టంగా ఆముదం పట్టించింది, బండిలో నిలబడి నడుము విరిగింది, చల్లగా ఉంది కదా అని ఒక్క రవ్వ గోడకు తల ఆనించి కళ్ళు మూసుకుంది. అంతే. "ఆనుకోవద్దమ్మా, గోడ చెడిపోతాది, దుడ్లు పోసి కొట్టించినాము" అంది రత్నమ్మ అత్త ఈరక్క, అంత మంది పేరంటాళ్ళ ముందు. పుల్లమ్మ దిగ్గున లేచి చూసుకుంటే పచ్చ మీద అరచేయంత నల్లటి మరక. కడుపు మండింది అందుకు కాదు. ముసలామె అన్నందుకు కాదు. రత్నమ్మ ఒక్క మాట అనకుండా లోపలికి పోయి పాత గుడ్డ ఒకటి తెచ్చి, నాలుగు మడతలు వేసి, తన తలకూ గోడకూ నడుమ పెట్టింది. మంగలి ముందు కూర్చోబెట్టినట్టు! గాజు తెర గలగలమంది, ఎవరో నవ్వారు, రత్నమ్మే నవ్విందేమో, నవ్వలేదేమో, ఆ రోజు నుంచీ పుల్లమ్మ చెవులకు అది నవ్వినట్టే వినిపిస్తోంది.

తిరిగి వచ్చేటప్పుడు పెనుకొండలో బండి చాలాసేపు ఆగింది. సంజీవప్ప దిగి జామకాయలు తెచ్చాడు, ఉప్పూకారం కూడా అడిగి పెట్టించుకున్నాడు. "ఏమైందే, మొగం అట్ల పెట్టుకోనుండావు?" అన్నాడు. ఏమీ లేదంది. కిటికీలోంచి కొండ మీది కోట గోడ కనబడుతోంది, ఎన్ని వందల ఏళ్ళ గోడో, ఎవరి తలలు ఆనాయో దానికి, ఎవరూ ఏమీ అనరు. జామకాయ కొరికింది, దిగలేదు. అదే పెనుకొండ స్టేషన్లో ఇందాక రత్నమ్మ కిటికీ పక్కన కూర్చుని ఉంటుంది. జామకాయలు కొనుక్కుని ఉంటుంది, దానికి దిగి ఉంటాయి, దానికి అన్నీ దిగుతాయి.

దాని కార్డు వచ్చి పన్నెండు రోజులు. పక్కింటి రామాంజనేయులు అయ్యవారు చదివి పెట్టాడు. "అక్కా, వచ్చే ఆదివారం వస్తాండా. మన పడసాలలో ఒక పూట కూర్చోని పోవల్లని ఉండాది." రెండోసారి చదవమంది పుల్లమ్మ. మూడోసారి కూడా. నాయన పోయి రెండేళ్ళు, ఈ రెండేళ్ళలో ఒక్కనాడు ఇటు తిరిగి చూడని మనిషికి ఇప్పుడు పడసాలలో కూర్చోవాలని ఎందుకు పుట్టింది? ఎందుకంటే తన హాలు అయిపోయింది కాబట్టి. అక్క పడసాల ఎట్లుందో కళ్ళారా చూసి, పొగచూరిన గోడలు, మగ్గం గుంత, మూలన కండెల గంప, అన్నీ లెక్కబెట్టుకుని, పోయి అత్తకు చెప్పి నవ్వుకోవాలి కాబట్టి. రానీ. వచ్చి కూర్చోనీ. అలసిపోయి గోడకు తల ఆనించనీ. అప్పుడు తను దగ్గరికి పోయి, వీలైనంత ముద్దుగా, తేనె పూసినట్టు అంటుంది: "ఆనుకోవద్దే రత్నీ, గోడ చెడిపోతాది." పన్నెండు రోజులుగా ఆ మాటను అంట్లు తోముతూ అనుకుంది, కండెలు చుడుతూ అనుకుంది, ఒకసారి పైకే అనేస్తే సంజీవప్ప "యారితో మాట్లాడతాండావు?" అని తొంగి చూశాడు. మాట నున్నగా తయారైంది. ఇంక గోడే తయారవాలి.

రంగు తేల్చుకోవడానికే నాలుగు రోజులు పట్టింది. నేసే ఇంట్లో పుట్టిన మనిషికి గోడైనా చీర కిందే లెక్క, ఒళ్ళు ఒక రంగు, అంచు ఒక రంగు. మిరపపండు ఎరుపు వేస్తే? పడసాల చిన్నది, పగలే పొయ్యిలో కూర్చున్నట్టుంటుంది. వంకాయ రంగు? దీపం పెట్టాక నల్లబడుతుంది, ఎవరో చచ్చిన ఇల్లనుకుంటారు. మామిడిపండు పసుపు బాగుంటుంది గానీ, పసుపు సున్నంలో పడితే ఎర్రబడుతుందని పసిపిల్లకు కూడా తెలుసు. నెమలికంఠం మీద ఎంత ఆశ ఆమెకు! కానీ నెమలికంఠం రావాలంటే నిలువు పోగు ఒక రంగు, అడ్డపోగు ఒక రంగు పడాలి, గోడకు నిలువేది, అడ్డమేది? సున్నంలో నీలిమందు కలిపి నీలం వేసుకోవచ్చు, వీధిలో సగం ఇళ్ళకు అదే, అందుకే వద్దు. ఎటు తిరిగినా మనసు పోయి ఆ పచ్చ దగ్గరే నిలబడింది. అదే పచ్చ. దాని పచ్చ కంటే ముదురు పచ్చ. అడుగున మూర ఎత్తు ఎర్రమన్ను అంచు. అయ్యవారింటి నుంచి కుర్చీ ఒక్కటి అరువు తెచ్చింది, తిరునాళ్ళలో కొన్న అద్దం పొట్టిదైనా పూలదండ చుట్టింది, పాత చీరల జరీ చెంగులు కత్తిరించి వాకిలికి తెర కుట్టింది. గలగలమనదు, సరే, మెరుస్తుంది కదా. జరీ చెంగుల తెర హిందూపురంలో ఎవరింట్లో ఉంది చెప్పు?

పచ్చ రంగు డబ్బా అటక మీద ఉంది. జర్మనీ డబ్బా. యుద్ధం వచ్చాక ఆ రంగులు రావడం ఆగిపోయి మూడో ఏడు, ఇప్పుడు అంగళ్ళలో దొరికేది ఒక ఉతుక్కు కారిపోయే రంగు. సంజీవప్ప ఆ డబ్బాను గుడ్డలో చుట్టి, ఆ గుడ్డను గోనెలో చుట్టి, దూలం వెనక దాచాడు. "ఒక్క చీరకొస్తాది. మంచి చీర. ఇప్పుడు కాదు" అన్నాడు. ఎవరికని పుల్లమ్మ అడగలేదు. అడగకుండానే తెలిసిపోయినట్టు మూతి బిగించుకుంది, రత్నమ్మ ఎప్పుడో ఒకసారి "బావా, నాకొక పచ్చచీర నేసీవా" అన్న సంగతి ఆమెకు బాగా గుర్తు, అతను "చూస్తాంలేమ్మా" అన్న సంగతి అంతకంటే బాగా గుర్తు. నిన్న అతను చీర పోగుకు ఆసు పోయించుకు రావడానికి పోగానే నిచ్చెన వేసుకుని ఎక్కింది. దాని చీర నా గోడకు! డబ్బా మొత్తం సున్నపు కుండలో కుమ్మరించింది. అబ్బ, ఆ పచ్చ ఎట్లా తిరిగింది తెల్లటి సున్నంలో, ఊరి చెరువు నీళ్ళలో పాచి తిరిగినట్టు. చూస్తూ గట్టిగా నవ్వింది కూడా.

గుంత సంగతి వేరు. నేసేవాడు కాళ్ళు దింపి కూర్చునే గుంత మగ్గం పడసాలలో ఉంటే ఎంత రంగు వేసినా అది నేతగాడి కొంపే. మగ్గం వెనక కొట్టంలోకి మార్చాలంది. సంజీవప్ప గుంతలోకి చూశాడు. "నాయన తవ్విన గుంతే అది" అన్నాడు, అతను ఇల్లరికం వచ్చిన మేనల్లుడు, మామను నాయన అనే అనేవాడు. ఆమె మూడు రోజులు అన్నం మానేసింది, నాలుగో రోజు అతను మగ్గం విప్పాడు. కొట్టంలో వేరే గుంత తవ్వుకున్నాడు. దీన్ని పూడ్చే పని మాత్రం నా చేత కాదన్నాడు. సరే, పుల్లమ్మే పూడ్చింది. మొలలోతు గుంతలోకి దిగింది, అంత బతుకూ ఈ ఇంట్లోనే బతికి, అందులోకి దిగడం అదే మొదలు. చిన్నప్పుడు నాయన అంజనప్ప నేస్తుంటే రత్నమ్మ గుంత అంచున కూర్చుని కాళ్ళు లోపలికి వేలాడేసేది, ఎండాకాలం గుంతలో చల్లగా ఉంటుంది, దాని చిట్టికాళ్ళు నాయన మోకాళ్ళకు తగులుతుంటే ఆయన ఏమీ అనేవాడు కాదు, పైగా పదాలు పాడేవాడు. పుల్లమ్మ పెద్దది కదా, రాట్నం దగ్గర కూర్చుని కండెలు చుట్టాలి. నేనూ కూర్చుంటా నాయనా అంటే "పోగు ఎవరు చుడతారమ్మా" అనేవాడు, మెత్తగానే, కోపంగా కూడా కాదు. ఆ రోజు దిగి చూస్తే అడుగున, చీకట్లో, తొక్కుడు కర్రలు ఉండిన చోట రెండు చిన్న గుంటలు చేతికి తగిలాయి. ముప్పై ఏళ్ళు నాయన మడిమలు ఆని పడిన గుంటలు, తర్వాత సంజీవప్ప మడిమలూ వాటిల్లోనే. దీపం తెచ్చుకుని చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత మట్టి తీసుకుని, ముందు ఆ రెండింటినే పిడికిలితో కూరింది. ఎందుకో ఆ రోజంతా గంపలు మోసినా చేతులకు అలుపు రాలేదు. పైన నాలుగు తాడిపత్రి బండలు పరిపించింది. గుంత వెనక ఉత్తరపు గోడకు నాయన వీపు, తల ఆని ఆని నల్లబడిన చోటు ఒకటి ఉండేది. బూడిదతో రుద్దింది, ఇటుకముక్కతో రుద్దింది, ఇవాళ మూడు పూతలు వేస్తే గానీ కనబడకుండా పోలేదు.

ఎండ మూడు జానలు పాకింది. బండి చిత్రావతి దగ్గరకు వచ్చి ఉంటుంది. పుల్లమ్మ లేచి నడుము పట్టుకుని గోడ దగ్గరకు పోయింది. తూర్పు మూల ఏంది అట్లుంది? అక్కడ ముందు కొట్టింది కాబట్టి ముందు ఆరింది. ఆరితే ఏ రంగైనా ఒక మెట్టు దిగుతుంది, పట్టుకైనా అంతే, తడిలో చూసిన రంగును నమ్మకూడదు, ఆమాత్రం తెలియదా తనకు. కానీ ఇది మెట్టు దిగడం కాదు. పచ్చే లేదు అక్కడ. జ్వరం పడి లేచిన మనిషి మొగంలా పాలిపోయి, అక్కడక్కడ బూజు పట్టినట్టు. గోరుతో గీకింది. లోపలా అంతే. రెండు అడుగులు ఇటు వస్తే పచ్చ, ఇంకా తడి ఉన్న చోట పచ్చ, ఆమె చూస్తుండగానే, నిజంగా చూస్తుండగానే ఆ పచ్చ అంచు వెనక్కి జరుగుతోంది. ఉత్తరపు గోడ మధ్యలో చెయ్యి పెట్టి ఆపుదామన్నట్టు అరచెయ్యి ఒత్తింది. చెయ్యి తీస్తే ఐదు వేళ్ళ అచ్చు పడింది, పచ్చ ఆగలేదు. అయ్యో, అయ్యో, నా తల్లీ. అప్పుడు గుర్తుకొచ్చింది. పచ్చ రంగు కుండ దగ్గర నాయన. వక్కాకు వేసుకునే మనిషి, సున్నం రాసుకున్న వేలును మూడుసార్లు మట్టితో కడుక్కుంటే గానీ కుండ ముట్టేవాడు కాదు. "ఈ రంగుకు పులుపు కావల్లమ్మా, నిమ్మకాయ పిండితే పట్టుకుంటాది. సున్నం తగిలిందా, తినేస్తాది" అనేవాడు. ఆ కుండ కింద మంట ఎగదోసింది ఎవరు? నిమ్మకాయలు పిండింది ఎవరు? తనే. రత్నమ్మకు తెలియకపోతే తప్పు లేదు, అది గుంతలో కాళ్ళు ఊపుకుంటూ కూర్చునేది. తనకు తెలియకపోవడమేంది? పదేళ్ళకే తెలిసిన సంగతిని ముప్పై నాలుగేళ్ళు వచ్చాక కుళ్ళుకుని కుళ్ళుకుని మరిచిపోయింది. పసుపు వద్దని తెలివిగా పక్కన పెట్టిందే, ఆ తెలివి పచ్చ దగ్గర యాడికి పోయింది? డబ్బా ఖాళీ. చీర పోయింది. గోడ పోయింది. పులుసు చేద్దామని పిండిన చింతపండు రసం గిన్నెడు ఉంది, చల్లుదామా అని కూడా ఆలోచించింది, అంత పిచ్చి పట్టింది ఆమెకు ఆ నిమిషంలో.

జట్కా గంటలు. ఆగిన చప్పుడు. "అక్కా!"

జరీ తెర తప్పించుకుని రత్నమ్మ లోపలికి వచ్చింది. మామూలు నూలుచీర. మెడలో తాళి తప్ప ఏమీ లేదు, అయినా ఎట్లా ఉందో చూడు, నూలుచీరలో కూడా, అని పుల్లమ్మ ఆ గాభరాలోనూ అనుకుంది. గోడల వైపు చూస్తుందని ఊపిరి బిగబట్టింది. రత్నమ్మ గోడలు చూడలేదు. కుర్చీ చూడలేదు, పూలదండ వేసిన అద్దం చూడలేదు. నేరుగా ఉత్తరపు గోడ దగ్గరికి నడిచి, బండల మీద నిలబడి, కాళ్ళ కిందికి చూసుకుంది.

"గుంత యాడక్కా?"

"మీ బావ పూడ్చినాడే" అనేసింది పుల్లమ్మ. నోరు దానంతటదే అనేసింది. "నేను వద్దంటే ఇంటేనా!"

సంజీవప్ప మరదలి పెట్టె మోసుకుని వాకిట్లో నిలబడి ఉన్నాడు. అతని కళ్ళు గోడ మీదికి పోయాయి, అక్కడినుంచి అటక మీదికి, అక్కడినుంచి పెళ్ళాం చేతుల మీదికి. రంగులు అద్దే మనిషికి ఎవరూ ఏమీ చెప్పనక్కరలేకపోయింది. పెట్టె నెమ్మదిగా కింద పెట్టాడు. "అవునమ్మా, నేనే" అన్నాడు. "వెలుతురు చాలక కొట్టంలోకి మార్చుకుంటి."

రత్నమ్మ బండల మీద కూలబడింది. "ఒక పూట కాళ్ళు దిగేసుకోని కూర్చోని పోదామని వచ్చినా బావా. నాయన పోయినప్పుడు మొగం చూసేకి లేకపాయె, బండి దిగొచ్చేతలికి ఎత్తకపోయిండ్రి. రెండేండ్లు ఈ ఇంట్లోకి రావల్లంటే కాళ్ళు రాలేదు. అక్కడ ఆ కొత్త ఇంట్లో నాకు ఊపిరాడదు, ఏది ముట్టుకున్నా మా అత్త వచ్చి తుడుస్తాది. గుంతలో అన్నా కూర్చోని ఏడుద్దామనుకుంటి." అని వెనక్కి వాలి గోడకు తల ఆనించింది, సరిగ్గా నాయన తల ఆనే చోట, తడి సున్నం జుట్టుకు అంటుకుంటున్నా చూసుకోకుండా. కళ్ళు మూసుకుంది. కన్నీళ్ళు చెంపల మీదికి వచ్చాయి.

పన్నెండు రోజులు నున్నగా తోమి పెట్టుకున్న మాట పుల్లమ్మ నాలుక మీదికి వచ్చి కూర్చుంది. ఆనుకోవద్దే రత్నీ. అక్కడే ఉంది, పెదవి తెరిస్తే చాలు. తెరవలేకపోయింది. ఏడుపు తనకూ వచ్చింది గానీ, చూడు, అది కూడా ముందు దానికే వచ్చింది. నాయనకు పెద్ద కూతురు తను, చివరి గుక్క నీళ్ళు పోసింది తను, ఏడ్చే హక్కు మాత్రం బండి దిగీ దిగగానే దానికి.

"బావా, నాయన కాళ్ళు పెట్టేది ఏ బండ కింద?" అంది రత్నమ్మ కళ్ళు తెరవకుండా.

సంజీవప్ప చెయ్యి ఎత్తాడు చూపించడానికి. అది చూసి పుల్లమ్మకు ఒళ్ళు భగ్గుమంది. నాయన మడిమల సంగతి వీళ్ళిద్దరూ మాట్లాడుకుంటారా, తను పక్కన నిలబడి ఉండగా?

"మూడో బండ" అంది గట్టిగా. "పూడ్చింది నేనే. ఆయప్ప కాదు, ఆయప్ప చేత కాదన్నాడు. నేనే దిగినా. అడుగున నాయన మడిమలు ఆని రెండు గుంటలు పడిండాయి. దీపం పెట్టి చూసినా. చివరిసారి చూసింది నేను, తెలిసెనా? నేనొక్కదాన్నే."

తిడుతుందనుకుంది. జుట్టు పట్టుకుంటుందేమో అని కూడా అనుకుంది, పట్టుకుంటే బాగుండేది. రత్నమ్మ కళ్ళు తెరిచింది. తల వెనక సున్నం తెల్లగా అంటుకుని ఉంది.

"గుంటలా?" అంది. "నాకు కనపడనే లేదే ఎప్పుడూ. పైన కూర్చుంటే లోపలంతా చీకటి కదా. నీళ్ళున్నట్టు ఉండేది నాకు." చిన్నప్పటి గొంతుతో అడిగింది. "ఎట్లుండాయక్కా?"

పుల్లమ్మ బండ మీద ఆమె ఎదురుగా కూర్చుంది. రత్నమ్మ చూడనిది తను చూసింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, దాని దగ్గర లేనిది తన దగ్గర ఉంది. సున్నం తిని మండుతున్న రెండు అరచేతులనూ కాస్త గుంట చేసి, పక్కపక్కన పెట్టి చాపింది.

"ఇంత" అంది.

రత్నమ్మ ముందుకు వంగి ఆ చేతుల్లోకి చూసింది.